విద్యాశాఖ మంత్రి గారికి: మా డిగ్రీలో మూసీ ఒడ్డు మనుషులు కూడా ఉండాలి

గౌరవనీయులైన తెలంగాణ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం. మనిషినీ పరిసరాలనూ కలిపి చదివే హ్యూమన్ ఎకాలజీని డిగ్రీలో ఒక కోర్సుగా పెట్టించమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ కాలేజీలో బీఏ చివరి సంవత్సరం చదువుతున్నాను. మా ఇల్లు చాదర్‌ఘాట్ దగ్గర, మూసీ ఒడ్డున. ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల గేట్లు ఎత్తారని టీవీలో రాగానే మా బస్తీలో టెన్షన్ మొదలవుతుంది. అమ్మ రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, నా మెమోలు కవర్లో చుట్టి అటక మీద పెడుతుంది.

డిగ్రీలో మాకు పర్యావరణం పేపర్ ఉండేది. ఓజోన్ పొర, ఆమ్ల వర్షాలు, జీవవైవిధ్యం, అన్నీ తెలుసుకోవలసినవే. కానీ అందులో మనుషులు లేరు. పరీక్ష ముందు రాత్రి గైడు చదివి పాసయ్యాం.

హ్యూమన్ ఎకాలజీ, అంటే మానవ ఆవరణ శాస్త్రం గురించి ఆ తర్వాతే తెలిసింది. మనిషినీ, అతను బతికే నేలనూ నీటినీ, చేసే పనినీ, తినే తిండినీ విడదీయకుండా చదివే చదువు ఇది. అమెరికాలో 1969లో స్థాపించిన కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ ఈ ఒక్క సబ్జెక్టులోనే డిగ్రీ ఇస్తుంది. మన దేశంలో స్వాతంత్ర్యానికి ముందే లక్నో యూనివర్సిటీలో రాధాకమల్ ముఖర్జీ ఈ దారిలో పనిచేశారు.

ఈ చదువు ఎందుకు కావాలో నాకు పీర్జాదిగూడ వైపు వెళ్లిన రోజు అర్థమైంది. అక్కడ మూసీ మురుగునీటితో పారా గడ్డి పెంచుతారు. ఒకసారి నాటితే కోసిన కొద్దీ వస్తూనే ఉంటుంది. మోపులు బర్రెల కొట్టాలకు పోతాయి, ఆ పాలు నగరానికి వస్తాయి. మన ఇళ్ల నుంచి పోయిన నీళ్లే అలా తిరిగి మన చాయ్‌లోకి చేరుతున్నాయి. గడ్డి కోసే ఒక అక్క చేతులు చూపించింది, మోచేతుల దాకా దద్దుర్లు. మూసీ శుభ్రమైతే తనకు ఈ పని ఉంటుందా అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. నీటి పరీక్ష కెమిస్ట్రీ వాళ్లకు తెలుసు, కూలి లెక్క ఎకనామిక్స్ వాళ్లకు తెలుసు. ఆమె ప్రశ్న మాత్రం ఏ క్లాసులోనూ లేదు.

1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. నగరానికి తాగునీరు కూడా ఇచ్చే వాటిని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చి, 84 ఊళ్లలో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. ఆ ఊళ్ల రైతు బాధ నిజం, నగరం దాహమూ నిజం. రెండింటినీ కలిపి ఆలోచించడం ఎవరో ఒకరు మాకు నేర్పాలి కదండీ.

ముందు ఒక్క యూనివర్సిటీ కాలేజీలో ఈ కోర్సు పెట్టించండి. జాగ్రఫీ, సోషియాలజీ, జువాలజీ, హోంసైన్స్ లెక్చరర్లు కలిసి చెప్పవచ్చు. సగం మార్కులు ఫీల్డ్ వర్క్‌కు ఉండాలి. పుస్తకాలు తెలుగులో, ఉర్దూలో కూడా రావాలి. ఇది చదివితే ఉద్యోగం ఏమొస్తుందని మా నాన్న అడిగారు. మున్సిపల్, నీటి సరఫరా, విపత్తు నిర్వహణ ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఈ డిగ్రీని అర్హతగా చేర్చితే ఆయనకు ధైర్యం చెప్పగలను.

నా డిగ్రీ ఈ ఏడాదితో అయిపోతుంది. మా చెల్లి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. తను డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల దోస్త్‌లో ఆప్షన్లు పెట్టుకునేటప్పటికి ఆ జాబితాలో ఈ సబ్జెక్టు పేరు కనిపించేలా చూడండి.

ఇట్లు,
చాదర్‌ఘాట్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని