పెళ్లి విందు వృథాకు మందు ఒప్పందంలోనే

సంపాదకుడికి,

ముహూర్తాలు మొదలయ్యాయంటే ఫంక్షన్ హాళ్ల వెనక పారబోసిన అన్నం ఫొటోలు పత్రికల్లో వస్తాయి. ఆ అన్నం పెళ్లిరోజున మిగిలింది కాదు. అడ్వాన్సు ఇచ్చి మెనూ రాసుకున్న రోజునే దాని లెక్క ఖాయమైపోయింది.

మన దగ్గర క్యాటరింగ్ అంతా ప్లేటు లెక్కే. 500 చెప్పాక 400 మందే వచ్చినా 500కీ కట్టాల్సిందే. ఇక వంట తగ్గించాలని ఎవరికుంటుంది? పైగా తక్కువైందన్న మాట రాకూడదని వంటమేస్త్రీ ఇంకొంచెం కలుపుతాడు. పులిహోర, బిర్యానీ, తెల్లన్నం, పెరుగన్నం నాలుగూ ఉన్నా దేనికదే కడుపునిండా తింటారన్నట్టు బియ్యం పోస్తారు. నిజానికి అన్నీ కలిపి మనిషికి 150 గ్రాముల బియ్యం చాలు.

ఒప్పందంలో రెండు అంకెలు రాసుకోవాలి: ఖాయం 400, అవసరమైతే మరో 100. ఆ వందకు బియ్యం కొలిచి, కూరగాయలు కడిగి పక్కన పెట్టుకుంటే చాలు. మొదటి బంతి లేచేసరికి ఎంతమంది వస్తారో తెలిసిపోతుంది, పొయ్యి మీద ఎసరుంటే ముప్పావుగంటలో అన్నం దిగుతుంది. వండని ప్లేట్లకు సరుకు ఖర్చు తగ్గిస్తామని కూడా రాయాలి. అది లేకపోతే పెళ్లివారు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో తప్పూ లేదు.

మిగిలింది అనాథాశ్రమానికి పంపడం మంచిదే, కానీ వడ్డన బల్లమీదికి వెళ్లినది పంపకూడదు. పెరుగన్నం, కొబ్బరి పచ్చడి అసలే వద్దు. పెద్ద గుండిగలో మూతపెట్టి వదిలేస్తే నడిమధ్య అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండి పాచిపోతుంది. వేడి 60 డిగ్రీల కిందికి దిగకముందే వేడి నిలిపే డబ్బాల్లోకి తీసి, వంటకం పేరు, వండిన సమయం రాసి పంపాలి. మిగులు ఆహార పంపిణీకి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2019లో నిబంధనలే తెచ్చింది. ఆశ్రమం వారికి సాయంత్రమే చెప్పి ఉంచాలి. రాత్రి పదకొండుకు ఫోను చేస్తే తినేవాళ్లు నిద్రలో ఉంటారు.

2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధం. వాటి బదులు వచ్చిన పేపరు కప్పుల్లో, మెరిసే పేపరు ప్లేట్లలో సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది, అవి ఎరువుకూ పనికిరావు, పాత కాగితాలవాడూ తీసుకోడు. బంతి భోజనానికి మన్యం నుంచి వచ్చే అడ్డాకు విస్తళ్లు చక్కగా సరిపోతాయి, గిరిజన మహిళలకు నాలుగు డబ్బులూ దక్కుతాయి. చేత్తో పట్టుకుని తినే బఫేలో మాత్రం రసం పోస్తే కారతాయి, అక్కడ స్టీలు కంచాలే మేలు. కొనేటప్పుడు విస్తరి తిరగేసి చూడాలి. అడుగున ప్లాస్టిక్ అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు.

ఎంగిలి ప్లేట్ల దగ్గర తడి చెత్తకొకటి, పొడి చెత్తకొకటి రెండు టబ్బులు పెట్టడమే కాదు, ఒక మనిషినీ నిలబెట్టాలి. లేకపోతే పావుగంటలో నీళ్ల సీసాలు, ఫాయిల్, అన్నం అన్నీ కలిసిపోతాయి. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల వ్యర్థాలతో కరెంటు తీస్తున్నారంటే, అక్కడికి చేరేది తడి చెత్త ఒక్కటే కాబట్టి.

నల్లబడిన నూనెను బజ్జీల బండికి అమ్మేయడం ఇంకో జాడ్యం. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడేవారు లెక్క రాసి, వాడిన నూనెను గుర్తింపు ఉన్న సేకరణ సంస్థకే ఇవ్వాలని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఎప్పుడో చెప్పింది.

లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనం చేరే కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలపాలని, చెత్త వేరుచేసి ఇవ్వాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే రాశారు. లైసెన్సున్న హాళ్లకూ మున్సిపాలిటీలు ఈ పద్ధతే పెట్టాలి. బుకింగ్ రసీదుతోనే ఒక కాగితం నింపించి, ఖాయం ప్లేట్లు, అదనపు ప్లేట్లు, మిగులు ఎవరికి, చెత్త బండి ఎన్నింటికి రావాలి అన్నవి రాయించుకోవాలి. రాత్రి విందు చెత్తకు మర్నాడు పొద్దున బండి వస్తే, అప్పటికే కుక్కలూ పందులూ సంచులు చింపి ఉంటాయి.

— ఒక క్యాటరింగ్ నిర్వాహకుడు, కాకినాడ