నా వీల్‌చైర్‌ను లగేజీ లెక్కలో వేయకండి: కేంద్ర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

విమాన ప్రయాణంలో నా వీల్‌చైర్ విరిగిపోయిందని ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. మెయిళ్లు పంపాను. రిజిస్టర్ పోస్టులో అర్జీ వేశాను. కొన్నాళ్లకు ‘పరిష్కారమైంది’ అని మెసేజ్ వచ్చింది కానీ, నాతో ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. మీరూ ఉత్తరాంధ్ర వారే, మేమూ ఆ వైపు వాళ్లమే. ఆ చనువుతోనే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

కండరాల క్షీణత వల్ల నేను నడవలేను. ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చాను. నా ఎలక్ట్రిక్ వీల్‌చైర్ ఖరీదు 6 లక్షలు. నా నడుము వంపుకు కొలతలు తీసి చేసిన సీటు అది. నాన్న పొలం తాకట్టు పెట్టి కొన్నారు. టికెట్ తీసుకున్నప్పుడే బ్యాటరీ కాగితాలతో సహా అన్నీ విమాన సంస్థకు పంపాం. అయినా చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కథ మళ్లీ మొదటికొచ్చింది. బయటకు తీయగలిగే లిథియం బ్యాటరీ ఒక్కటే ఉండి, దాని సామర్థ్యం 300 వాట్-అవర్లు దాటకపోతే క్యాబిన్‌లోకి తీసుకెళ్లవచ్చని అంతర్జాతీయ నిబంధన. ఆ అంకె బ్యాటరీ మీదే ఉంది. చూపిస్తే ‘సార్‌ని అడగాలి’ అన్నారు. ఆ సార్ వచ్చి ఇంకొకరిని అడగాలన్నారు. ఫ్లైట్ పోతుందేమోనని అమ్మ టెన్షన్‌తో వణికిపోయింది. విమానం తలుపు దాకా నా చైర్‌లోనే వస్తానని బతిమాలినా వినలేదు. ఎయిర్‌పోర్టు కుర్చీలోకి మార్చేశారు. అందులో నడుముకు ఆసరా లేదు. నేను పక్కకు ఒరిగిపోతుంటే అమ్మ పట్టుకుని నిలబడింది. సెక్యూరిటీ దాటాక పట్టుకోవడానికి అమ్మ కూడా లేదు.

దిగేసరికి జాయ్‌స్టిక్ విరిగిపోయి, సీటు ఫ్రేమ్ వంగిపోయి ఉంది. బదులుగా చేత్తో తోసే కుర్చీ ఇచ్చారు. కొత్త ఊళ్లో, ఒంటరిగా వచ్చిన నన్ను ఎవరు తోస్తారండీ? క్లాసులు మొదలయ్యాయి, నేను గదిలోనే ఉండిపోయాను. బాత్రూమ్‌కు వెళ్లాలన్నా అప్పుడే పరిచయమైన రూమ్మేట్‌ని అడగాల్సి వచ్చింది. ఆ అమ్మాయి ఏమీ అనుకోలేదు. నాకే ప్రాణం చచ్చిపోయింది.

నష్టపరిహారం అడిగితే ‘బ్యాగేజీ’ లెక్క చెప్పారు. అంతర్జాతీయ విమాన ప్రయాణాల్లో నష్టపరిహారాన్ని నిర్ణయించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 2024 డిసెంబరు 28 నుంచి బ్యాగేజీకి పరిహారం పరిమితి 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్య నిధి లెక్కల యూనిట్). మన డబ్బుల్లో 2 లక్షల లోపే. అదే అమెరికాలో దేశీయ విమానంలో చైర్ పాడైతే కొన్న ధర మేరకు పరిహారం అడగవచ్చు. సముద్రం దాటి చదువుకోవడానికి వెళ్లే మాకు మాత్రం సూట్‌కేసు లెక్కే.

వైకల్యం ఉందన్న కారణంతో ఎక్కించుకోకపోవడం కుదరదని 2022లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన మార్చినప్పుడు ఎంతో సంతోషించాం. కానీ నన్ను ఎక్కించుకుని, నా కాళ్లలాంటి చైర్‌ను విరగ్గొడితే ఏం లాభం సార్?

దయచేసి వినండి. ఎవరి చైర్‌లో వాళ్లను విమానం తలుపు దాకా వెళ్లనివ్వండి. చైర్ ఎత్తేవాళ్లకు, బ్యాటరీ చూసేవాళ్లకు శిక్షణ ఇప్పించండి. చైర్ అసలు విలువను ముందే ప్రకటించి, ఆ మేరకు పరిహారం పొందే వీలు మాంట్రియల్ ఒప్పందంలోనే ఉంది. దాన్ని రుసుము లేకుండా ఒప్పుకోవాలని మన దేశం నుంచి ఎగిరే ప్రతి సంస్థకూ ఆదేశం ఇవ్వండి. నిబంధనలు రాసేటప్పుడు వీల్‌చైర్ వాడేవాళ్లను పిలిచి అడగండి. సెలవులకు ఇంటికి రావాలని ఉంది. మళ్లీ చైర్ విరిగితే కొనే శక్తి నాన్నకు లేదు. అప్పటికల్లా ఏదో ఒకటి చేయండి సార్.

ఇట్లు,
ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి చదువుకుంటున్న ఒక విద్యార్థిని