తలా తోకా లేని ఉత్తరం

ఒరేయ్,

నీ మెసేజ్ చూసి పగలబడి నవ్వాను. అమ్మాయి ఆదివారం తెలుగు క్లాసులో 'తల'కి పర్యాయపదాలు నేర్చుకొచ్చి, మర్నాడు పొద్దున్నే "నాన్నా, మస్తకం నొప్పిగా ఉంది, స్కూలుకి వెళ్ళను" అందా? ఆ మాటకైనా ఒక పూట సెలవు ఇచ్చి ఉండాల్సింది రా.

పిల్ల తప్పేం లేదు. సంస్కృత పర్యాయపదాల నిఘంటువు అమరకోశంలోనే చూడు, "ఉత్తమాంగం శిరః శీర్షం మూర్ధా నా మస్తకోఽస్త్రియామ్" అని ఐదింటినీ అర శ్లోకంలో కట్టిపడేశాడు అమరసింహుడు. ఏది ఏ లింగమో కూడా అందులోనే ఇరికించాడు. ఏది ఎవరింట్లో పనికొస్తుందో మాత్రం చెప్పలేదు. ఆ పని వాడేవాళ్ళది. ఉత్తమాంగం హరికథల దగ్గరే ఆగిపోయింది. శిరస్సు మర్యాదలకి పోయింది, ఆజ్ఞ శిరసావహిస్తాం, శిరస్సు వంచి నమస్కరిస్తాం. రోడ్డు మీద బోర్డులో 'శిరస్త్రాణం' అని రాస్తారు, దాన్ని చదివినవాడు ఇంటికొచ్చి "నా హెల్మెట్ ఎక్కడా?" అంటాడు. శీర్షం లెక్కల్లోకి దూరింది. త్రిభుజానికి మూడు శీర్షాలని మన మాస్టారు బోర్డు మీద గీసినప్పుడు, మూడు తలల రాక్షసుడిలా ఉందని నువ్వే కదరా బొమ్మకి మీసాలు పెట్టింది! మూర్ధం వ్యాకరణం పాలైంది. ట, డ, ణ పలికేటప్పుడు నాలుక మడిచి అంగిలి పైభాగానికి, అంటే మూర్ధానికి ఆనిస్తామే, అందుకే అవి మూర్ధన్యాలు.

మన తెలుగు మాటల దగ్గరికొస్తే అసలు మజా. మా వైపు నెత్తి అంటే బరువో కోపమో ఉండాలి. కళ్ళు నెత్తికెక్కుతాయి, అరికాలి మంట నెత్తికెక్కుతుంది, నెత్తీ నోరూ బాదుకుంటాం. మంచికి వాడితే ఒక్కసారే, "నా నెత్తిన పాలు పోశావు" అని. మా అత్తగారిది వరంగల్. ఆవిడకి తల నొప్పెట్టదు, "పొద్దటి సంది నెత్తి నొస్తున్నది" అంటారు. నెత్తి దువ్వుకుంటారు కూడా. పెళ్ళైన కొత్తలో ఆ మాట వింటే నాకు ఎవరి మీదో కోపంగా ఉన్నారనిపించేది! అయితే పడుకునేటప్పుడు తల పెట్టే వైపుని ఆవిడ 'తలాపు' అంటారు. ఎంత చక్కని మాట! మా ఇంట్లో తలగడ అనడం విన్నాను గానీ ఆ వైపుకి మాత్రం ఇంత పొట్టి పేరు వినలేదు.

బుర్ర సంగతి వేరు. అది అసలు డొల్లగా ఉండేదానికి పేరు, సొరకాయ బుర్ర చూశావుగా. బుర్రకథలో బుర్ర కూడా కథకుడి భుజం మీది తంబురాదే. అలాంటి డొల్ల మాటకి తెలివిని అప్పజెప్పాం. "బుర్ర ఉందా?" అంటాం గానీ "శిరస్సు ఉందా?" అనం. ఇక పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి. ఆ సామెతలో పుర్రె తీసి తల పెట్టి చూడు, చప్పగా అయిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట మాడు. మా చెల్లెలి కూతురికి స్నానం చేయించేటప్పుడు చూశాను. నడినెత్తిన ఎముక ఇంకా కలవని చోట చర్మం నాడితో పాటు మెల్లగా కొట్టుకుంటూ ఉంది. అమ్మ అక్కడ వేళ్ళు నొక్కకుండా ఆముదం అద్ది, "ఇంకా మాడు పూడలేదు, జాగ్రత్త" అంది. అది పూడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుందట. అదే మాట పెద్దయ్యాక "మాడు పగులుతుంది, ఏమనుకున్నావో!" అయిపోతుంది.

తల మాత్రం మనల్ని మొదట్నుంచీ చివరిదాకా వదలదు. పండగ పూట తలంటు, పెళ్ళిలో తలంబ్రాలు, పోయాక తలకొరివి. తలంబ్రాల్లో 'ప్రాలు' అంటే బియ్యమేరా, భద్రాచలంలో మాత్రం వాటిలో ముత్యాలు కలుస్తాయి. తిరుమల కళ్యాణకట్టలో ఇచ్చేది జుట్టు కాదు, తలనీలాలు. కింద కూర్చుని తల వంచితే క్షురకుడు నీళ్ళు రాసి బ్లేడు వేస్తాడు, చల్లగా గాలి తగిలేసరికి అయిపోతుంది. అక్కడ "తలనీలాలు సమర్పించాం" అని భక్తిగా చెప్పినవాడే ఆఫీసులో "గుండు కొట్టించుకున్నా" అంటాడు. భక్తి ఏం తగ్గలేదు, ఊరు మారింది, అంతే. డబ్బు దగ్గరా తలే. పిక్నిక్‌కి తలా రెండొందలు వేసుకుంటాం, పేపర్లో తలసరి ఆదాయం చదువుతాం.

అమ్మాయికి జాబితా బట్టీ పట్టించకు. వీడియో కాల్లో అమ్మమ్మతో రోజూ కాసేపు మాట్లాడించు. "నా బుర్ర తినకు" అన్న మాట ఒక్కటి సరైన చోట అనేసిందంటే నాకు వెంటనే ఫోన్ చెయ్యి.

ఇంకా రాద్దును గానీ అత్తగారు పిలుస్తున్నారు. ఇవాళ తలకాయ కూరట, కాల్చి కొట్టించి తెమ్మంటున్నారు. ఆలస్యమైతే కొట్టు దగ్గర కాళ్ళు తప్ప ఏం మిగలవు. వెళ్తున్నా.

నీ
గుంటూరు గాడు