లిఫ్టుకు 200 మీటర్లు, సరే. ఏ లిఫ్టుకు?

సంపాదకులకు నమస్కారం.

ఆల్ప్స్ పర్వతాల్లో మౌంటెన్ బైకింగ్ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాం. ట్రైళ్ల (కొండ దిగే సైకిల్ దారుల) గురించి, సైకిళ్ల గురించి, హెల్మెట్ల గురించి బాగానే చెప్పారు. బస దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘లిఫ్టుకు దగ్గర్లో చూసుకోండి’ అని ఒక్క ముక్కతో తేల్చేశారు. ఎనిమిది మంది కలిసి డబ్బు పోగేసుకుని వారం రోజులు వెళ్తే, ఆ వారం ఎలా గడుస్తుందన్నది సగానికి సగం ఆ ఇంటి మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

ముందు ఆ ‘లిఫ్టుకు దగ్గర’ సంగతి చూద్దాం. లిఫ్టంటే ఇక్కడ మనుషుల్ని, కొన్నిచోట్ల సైకిళ్లనూ, కొండ పైకి చేర్చే తీగదారి (కేబుల్ కార్ లాంటిది). ఆల్ప్స్‌లో అద్దెకిచ్చే ఇళ్లలో చాలావాటి ప్రకటనలు చలికాలంలో స్కీయింగ్‌కు వచ్చేవాళ్ల కోసం రాసినవి. ‘లిఫ్టుకు 200 మీటర్లు’ అన్న మాటలో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ ఆ లిఫ్టు వేసవిలో అసలు నడవకపోవచ్చు, నడిచినా సైకిళ్లను ఎక్కించుకోకపోవచ్చు. ఫ్రాన్స్‌లోని మోర్జిన్‌నే తీసుకోండి. ఊరికి ఒక పక్క నుంచి ప్లెనీ లిఫ్టు పక్క ఊరు లే జే వైపు తీసుకెళ్తుంది. రెండో పక్క నుంచి సూపర్ మోర్జిన్ గొండోలా (తీగ మీద వెళ్లే పెట్టెల లిఫ్టు) ఆవోరియాజ్, షాటెల్ ఊళ్ల వైపు తీసుకెళ్తుంది. రెండింటి మధ్య నది, దాని లోయ. మీ బృందం ఎక్కువగా లే జే బైక్ పార్కులోనే తిరగాలనుకుంటే ప్లెనీ వైపు ఉండాలి. షాటెల్ మీదుగా స్విట్జర్లాండ్‌లోని మోర్జాన్, షాంపెరీ దాకా చుట్టి రావాలనుకుంటే అవతలి వైపు ఉండాలి. ఊరి నడిబొడ్డున ఇల్లు తీసుకుంటే రెండూ దగ్గరే అనిపిస్తుంది కానీ, రోజూ పొద్దున్నే ఏదో ఒక వైపు ఎక్కక తప్పదు.

కాబట్టి ఇళ్లు వెతకడం కంటే ముందు లిఫ్టు కంపెనీ వేసవి సైకిల్ మ్యాపు తీయండి. చలికాలపు మ్యాపు పనికిరాదు. సైకిల్ గుర్తు ఉన్న లిఫ్టులేవో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా నడుస్తాయో రాసుకోండి. ఈ ఊళ్లన్నీ ఉన్న పోర్త్ దు సొలేయ్ ప్రాంతంలో ఎక్కువ లిఫ్టులు జూన్ చివరి నుంచి సెప్టెంబరు మొదలు దాకానే పూర్తిగా నడుస్తాయి. ఆ తర్వాతే ఇల్లు. బుకింగ్ కాకముందు చాలా సైట్లు ఇంటి చుట్టూ ఒక గుండ్రం గీసి చూపిస్తాయి తప్ప అసలు చిరునామా ఇవ్వవు. యజమానికి రాసి వీధి పేరు తెప్పించుకోండి. దాన్ని ఎత్తుల గీతలున్న పటం మీద పెట్టి చూడండి. ఫ్రాన్స్‌కు ఐజీఎన్, స్విట్జర్లాండ్‌కు స్విస్‌టోపో అనే ప్రభుత్వ సంస్థల పటాలు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతాయి. 300 మీటర్ల దూరంలో 60 మీటర్ల ఎత్తు ఉందంటే అది 20 శాతం ఎక్కుడు. మోకాలి కవచాలు తొడుక్కుని, 16 కిలోల డౌన్‌హిల్ సైకిల్ తోసుకుంటూ రోజూ ఆ రోడ్డెక్కితే మొదటి ట్రైల్ మొదలయ్యేలోపే చొక్కా తడిసిపోతుంది.

ఇక ఎత్తు సంగతి. ట్రైళ్లు ఎక్కడ ముగుస్తాయో అక్కడ ఇల్లు ఉండాలి, ఎక్కడ మొదలవుతాయో అక్కడ కాదు. మోర్జిన్ సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది, ఆవోరియాజ్ 1800. లిఫ్టులు సాయంత్రం ఐదు ప్రాంతాల్లో ఆగిపోతాయి, పిడుగుల వాన వస్తే ఇంకా ముందే ఆపేస్తారు. కింద ఊళ్లో బస ఉన్నవాడికి చివరి లిఫ్టు తప్పినా ఫర్వాలేదు, దిగుతూ ఇంటికొచ్చేస్తాడు. ఆవోరియాజ్‌లో గది తీసుకుని మోర్జిన్‌లో చివరి లిఫ్టు పోగొట్టుకున్నవాడు మాత్రం 800 మీటర్లు ఎక్కాలి, దాదాపు 14 కిలోమీటర్ల రోడ్డు. బృందంలో ఎవరికో ఒకరికి ట్యూబ్ పంచర్ అవుతుంది, ఇంకొకరికి గేర్లు మార్చే డిరైలర్‌ను పట్టుకునే హ్యాంగర్ వంగుతుంది. ఎనిమిది మంది ఉన్నచోట చివరి లిఫ్టు తప్పడం పెద్ద వింతేమీ కాదు. కిందే ఉండదలచినవాళ్లకు ఫ్రాన్స్‌లోని బూర్గ్ సాన్ మోరిస్ మంచి చోటు. రైలు అక్కడి దాకా వస్తుంది, స్టేషన్ పక్కనే ఫ్యూనిక్యులర్ (పట్టాల మీద కొండెక్కే బండి) ఎక్కితే ఏడు నిమిషాల్లో పైనున్న ఆర్క్ 1600 రిసార్టులో ఉంటారు. ఫ్రాన్స్‌లోని లే దూజ్ ఆల్ప్ (1650 మీటర్లు), ఇటలీలోని లివిన్యో (సుమారు 1800 మీటర్లు) లాంటి చోట్ల ఊరే ఎత్తున ఉంటుంది, ట్రైళ్లూ ఆ ఊళ్లోకే దిగుతాయి. అందుకని అంకె ఒక్కటే చూడకూడదు. ఊరికీ ట్రైలు అడుగుకీ మధ్య ఎంత తేడా ఉందన్నదే లెక్క.

సైకిళ్లు పెట్టే చోటు గురించి ప్రకటనలో ‘లాక్ చేసే స్కీ గది ఉంది’ అని ఉంటే అక్కడితో సంతోషపడకండి. స్కీ గది అంటే సాధారణంగా సన్నటి, ఎత్తైన లాకర్ల వరస. సైకిల్ హ్యాండిల్‌బార్ వెడల్పు 78 నుంచి 80 సెంటీమీటర్లు, పొడుగు దాదాపు 1.9 మీటర్లు. ఒకదాని తల పక్కన ఇంకోదాని తోక వచ్చేలా పేర్చినా ఒక్కోదానికి అర మీటరు గోడ కావాలి. ఎనిమిదింటికి 4 మీటర్ల గోడ, 2 మీటర్ల లోతు, ముందు నడవడానికి మీటరు. అంటే 12 చదరపు మీటర్లు. తలుపు వెడల్పు కూడా అడగండి. 70 సెంటీమీటర్ల తలుపులోంచి హ్యాండిల్‌బార్ తిన్నగా పోదు. ముందు చక్రాన్ని ఎత్తి పక్కకు తిప్పి దూర్చాలి, అప్పుడు టైరుకున్న బురద అంతా తెల్లగోడకు అంటుకుంటుంది. సెలవు చివర డిపాజిట్‌లో కోత పడేది ఇలాంటి మరకలకే. మెట్లు దిగి సెల్లార్‌లోకి వెళ్లాలంటే ఈ-బైకులవాళ్లు రెండుసార్లు ఆలోచించుకోవాలి. ఒక్కోటీ 23, 25 కిలోలు ఉంటుంది. గోడ కొక్కేలకు వాటిని ఎత్తి తగిలించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు.

దొంగతనాల భయం ఉంది. కింది అంతస్తు బాల్కనీలో, వ్యానులో రాత్రిపూట వదిలేసినవాటికి చాలా బీమా పాలసీలు డబ్బివ్వవు. లాక్ ఉన్న గది, ఆ గదిలో గోడకో నేలకో బిగించిన కడ్డీకి తాళం అని షరతు పెడతాయి. ఆ గది మీ ఇంటికి మాత్రమేనా, బిల్డింగ్ మొత్తానికా అన్నది అడగాల్సిన ప్రశ్న. నలభై ఫ్లాట్లకు ఒకటే తాళంచెవి అంటే తాళం లేనట్టే.

ఈ-బైకులు అక్కడే అద్దెకు తీసుకోక తప్పదు, ఎందుకంటే 160 వాట్ అవర్లు దాటిన బ్యాటరీని ప్రయాణికుల విమానంలో తీసుకెళ్లనివ్వరు, సైకిల్ బ్యాటరీలేమో చాలామటుకు 500, అంతకు పైనే. మామూలు 4 ఆంపియర్ల చార్జర్‌తో 500 వాట్ అవర్ల బ్యాటరీ నిండడానికి నాలుగున్నర గంటల దాకా పడుతుంది. సైకిల్ గదిలో ఒకటే సాకెట్ ఉంటే రాత్రంతా ఎవరో ఒకరు లేచి ప్లగ్గులు మారుస్తూ కూర్చోవాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, లైటు టైమర్ మీద ఉండి సాకెట్ కూడా ఆ లైనులోనే ఉంటే, లైటు ఆరగానే చార్జింగ్ ఆగిపోతుంది. పొద్దున సగం బ్యాటరీతో బయల్దేరాల్సి వస్తుంది. కొన్ని బిల్డింగుల్లో అగ్నిప్రమాద భయంతో చార్జింగే వద్దంటారు. స్విట్జర్లాండ్ సాకెట్లు వేరు. సన్నటి రెండు పిన్నులున్న పల్చటి ప్లగ్గు పడుతుంది, జర్మనీ, ఆస్ట్రియాల్లో వాడే లావుపాటి గుండ్రటి ప్లగ్గు పట్టదు.

కడగడానికి బయట కొళాయి, పైపు ఉన్నాయా? లేకపోతే లిఫ్టు అడుగున కడిగే చోటు ఉందేమో చూసుకోవాలి. గట్టి ప్రెషర్ నీళ్లు మాత్రం బేరింగుల వైపు కొట్టకండి, సీలు దాటి లోపలికెళ్లి గ్రీజును తోసేస్తాయి. రిపేర్లకు నీడ, లైటు ఉన్న చోటు ఉండాలి. వెయ్యి మీటర్ల దిగుడు వానలో రోజుకు మూడు నాలుగుసార్లు దిగితే రెసిన్ బ్రేక్ ప్యాడ్లు ఒకటి రెండు రోజుల్లోనే రేకు దాకా అరిగిపోవచ్చు. వాటిని వంటింటి చెక్క నేల మీద మార్చకూడదు కదా. తడిసిన బూట్లు ఇంకో సమస్య. ఎనిమిది జతల బూట్లు, గ్లవ్స్, మోకాలి కవచాలు. స్కీ బూట్లు ఆరబెట్టే హీటర్లు గోడకు ఉంటాయి, ఫొటోలో కూడా కనిపిస్తాయి, కానీ వేసవిలో వాటి స్విచ్ ఆపేసి ఉంచుతారు. రేడియేటర్లదీ అదే కథ. జూలైలో అవి పనిచేస్తాయా అని నేరుగా అడగండి. లేదంటే బూట్లలోకి వార్తాపత్రిక కాగితం కుక్కి, రెండు గంటలకోసారి మార్చడమే దారి. (దీనికి దినపత్రికను మించిన కాగితం లేదు, సంపాదకులు అన్యథా భావించవద్దు.)

వేడినీళ్ల గురించి ఎవరూ అడగరు. ఫ్రాన్స్‌లో చాలా ఇళ్లకు కరెంటు గీజరు ట్యాంకే ఆధారం. చౌక కరెంటు కోసం చాలాచోట్ల అది రాత్రి మాత్రమే కాగేలా పెడతారు. అంటే సాయంత్రం ఖాళీ అయితే మళ్లీ తెల్లారేదాకా వేడినీళ్లు ఉండవు. లెక్క ఇది: 65 డిగ్రీల నీళ్లు 200 లీటర్లు ఉంటే, 12 డిగ్రీల చన్నీళ్లు కలిపి 40 డిగ్రీల స్నానపు నీళ్లు సుమారు 375 లీటర్లు అవుతాయి. ఐదు నిమిషాల షవరుకు 45 లీటర్లు అనుకుంటే ఎనిమిది మందికి అంతంతమాత్రంగా సరిపోతుంది. గిన్నెలు కడగడానికి మిగలదు. 150 లీటర్ల ట్యాంకయితే ఆరో మనిషి దాకానే. ఆరుగురి ఇంట్లో అదనంగా ఇద్దరిని ఇరికిస్తే తేడా మొదట బయటపడేది ఇక్కడే. స్నానాలగదులు ఎన్నో అడిగినట్టే ట్యాంకు ఎన్ని లీటర్లో, పగలు కాగుతుందా లేదా అని కూడా అడగండి.

పడకల విషయం సూటిగా చెప్పేయొచ్చు. ఫ్రెంచి ప్రకటనలో ‘8 కూషాజ్’ అంటే ఎనిమిది మంది పడుకునే చోటు అని, ఎనిమిది గదులూ కాదు, ఎనిమిది మంచాలూ కాదు. హాల్లోని సోఫా కమ్ బెడ్ మీద ఇద్దరు, తలుపు పక్క నడవలో రెండంతస్తుల మంచం మీద ఇద్దరు కలిపి ఎనిమిది మంది. ఆ సోఫా మీద పడుకున్నవాళ్లకు అందరూ లేచేసరికి హాలు ఖాళీ చేసే పని, అందరూ పడుకునేదాకా నిద్రపట్టని పని. చదరపు మీటర్లు చూసి తేల్చుకోండి. ఎనిమిది మంది పెద్దవాళ్లకు 80కి తక్కువైతే ఇరుకే.

అద్దె అంకెకు పైన వచ్చేవి: తలకు రాత్రికి ఇంత అని ఊరి పన్ను, చివరి రోజు శుభ్రం చేసే రుసుము, దుప్పట్లు తువ్వాళ్ల అద్దె, డిపాజిట్. జూలై, ఆగస్టుల్లో చాలాచోట్ల శనివారం నుంచి శనివారం దాకానే ఇస్తారు, అదే రోజు రోడ్లూ కిక్కిరిసిపోతాయి. ఆస్ట్రియాలో సాల్‌బాఖ్ లాంటి చోట్ల కొన్ని బసలతో పాటు అతిథి కార్డు వస్తుంది, లిఫ్టులు ఉచితం అంటారు. అది నడిచి వెళ్లేవాళ్లకా, సైకిల్‌తో ఎక్కేవాళ్లకు కూడానా అన్నది రాతపూర్వకంగా తెప్పించుకోకుండా ఆ కార్డు కోసం ఎక్కువ అద్దె కట్టొద్దు. తొమ్మిది సీట్ల వ్యాను తీసుకుంటే దాని ఎత్తు 1.95 నుంచి 2 మీటర్లు. సెల్లార్ పార్కింగ్ గేటు దగ్గర 1.90 అని బోర్డుంటే వారమంతా బండి వీధిలోనే.

షెంగెన్ వీసాకు ప్రతి రాత్రికీ బస రుజువు చూపాలి, ఇల్లు ఒకరి పేరునే బుక్ చేసినా బృందంలో అందరి పేర్లూ ఉన్న ఉత్తరం యజమాని దగ్గర తీసుకోండి. వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. ఆ పాలసీలో డౌన్‌హిల్ సైక్లింగ్‌ను మినహాయించి ఉంటే వీసాకు పనికొస్తుంది గానీ విరిగిన కాలర్ బోనుకు పనికిరాదు. అద్దె ఇంటికి కట్టేది, తలకు కాదు. ఒకరు దెబ్బ తగిలి రాలేకపోతే అతని వాటా ఎవరు భరించాలో అడ్వాన్సు పంపే రోజే తేల్చుకోవడం నయం.

లే జేలో 2004లో, 2022లో మౌంటెన్ బైక్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పోటీలు జరిగాయి. పోటీలున్న వారం అక్కడ గది దొరకడం కష్టం. తేదీలు ఖాయం చేసుకునే ముందు రేసుల క్యాలెండర్ ఒకసారి చూడండి. ఆగస్టు 15 చుట్టూ ఇటలీ మొత్తం సెలవులోనే ఉంటుంది.

ఈ ప్రశ్నలన్నీ ఒకే ఉత్తరంలో యజమానికి పంపండి. సైకిల్ గది, దాని తలుపు, సాకెట్లు కనిపించేలా ఫోన్‌తో తీసిన ఫొటో అడగండి. ఫొటోలు పంపి, గీజరు మీద రాసిన లీటర్ల అంకె చదివి చెప్పేవాళ్లు కొందరుంటారు. ‘ఏం ఇబ్బంది లేదు, సైకిళ్లు పెట్టుకోవచ్చు’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకునేవాళ్లు ఇంకొందరుంటారు. అద్దె వంద యూరోలు ఎక్కువైనా మొదటివాళ్ల ఇల్లే తీసుకోండి.

ఇట్లు,
ఆల్ప్స్ సైకిల్ యాత్రల ఏర్పాట్లు చూసే కొందరు పాఠకులు