మోకాళ్ల మీద స్టెమ్ సెల్ వ్యాపారం
మోకాళ్ల నొప్పులకు ‘స్టెమ్ సెల్ ఇంజెక్షన్’ (ఇతర కణాలుగా మారగల మూలకణాలను ఎక్కించడం) అంటూ మన పట్టణాల్లో సాగుతున్న వ్యాపారాన్ని వైద్య ఆరోగ్య శాఖ వెంటనే కట్టడి చేయాలి. ఈమధ్య మా అమ్మను అలాంటి ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాను. మెట్లెక్కాలంటే రెయిలింగ్ పట్టుకుని ఒక్కో కాలూ ఈడ్చుకునే మనిషి. ఆపరేషన్ లేకుండానే గుజ్జు మళ్లీ పెరుగుతుందనేసరికి ఆశపడింది. ఒక్కో మోకాలికి 40 వేలు కట్టించుకున్నారు. తీరా చేసిందల్లా చేతి నరం నుంచి రక్తం తీసి, మెషీన్‌లో గిర్రున తిప్పి, పైన తేరిన పసుపు ద్రవాన్ని మోకాలిలోకి ఎక్కించడమే. అది పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉండే ప్లాస్మా. మూలకణాల చికిత్స కానే కాదు. బిల్లు మీద మాత్రం ‘ప్రొసీజర్ చార్జీలు’ అని ఒక్క ముక్క! నిజంగా మూలకణాలే ఎక్కించారనుకున్నా, భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం అనుమతి లేని స్టెమ్ సెల్ చికిత్సలు క్లినికల్ ట్రయల్‌గానే, అంటే రోగుల మీద చేసే నమోదైన పరిశోధనగానే జరగాలి. అందుకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. మోకీళ్ల అరుగుదలకు 2022లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన స్టెమ్‌ప్యూసెల్ అనే స్టెమ్ సెల్ మందు ఉన్నమాట నిజమే. కానీ అది దాతల ఎముక మజ్జ కణాలను ల్యాబ్‌లో పెంచి తయారుచేసేది, క్లినిక్ గదిలో అరగంటలో తయారయ్యేది కాదు. జిల్లా వైద్యాధికారులు ఈ క్లినిక్‌లను తనిఖీ చేసి, ఎక్కించే మందు పేరు, దాని అనుమతి లేదా ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు తెలుగులో బోర్డు మీద రాయించాలి. బిల్లులోనూ అదే పేరు ఉండేలా చూడాలి.
– ఒక పాఠకుడు, గుంటూరు