మేళం జారిన వీణలు తెచ్చేయండి, శనివారం మాత్రం కొట్టు ఉండదు

విజయనగరంలో మా వీణల రిపేరు కొట్టుకు ఏళ్ల తరబడి వస్తున్న మీ అందరికీ ఇది నేనే చెప్పాలి. పోయిన ఆగస్టు నుంచి సంక్రాంతి దాకా మా దగ్గర మేళం కట్టించుకున్న, అంటే మైనం మీద మెట్లు కూర్చోబెట్టించుకున్న వీణల్లో పదకొండు ఈ ఎండలకు వెనక్కి వచ్చాయి. మెట్లు జారిపోయాయి. మీ ఇళ్లలో ఇంకొన్ని ఉండే ఉంటాయి. అన్నిటికీ పైసా తీసుకోకుండా మళ్లీ కడతాను.

ఆ నెలల్లో నాకు లింఫోమా అనే క్యాన్సర్‌కి కీమో నడిచింది. 21 రోజులకొకటి చొప్పున ఆరు సైకిళ్లు. పని మా తమ్ముడి కొడుకు చూశాడు. వాడి చేతిలో లోపం లేదు. లోపం మైనంలో ఉంది. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి, వేడి చేసి, దాని మీద 24 మెట్లూ స్వరం చూసుకుంటూ కూర్చోబెడతాం. ఏళ్ల తరబడి నిలవాల్సిన పని అది. పద్దెనిమిదేళ్లుగా మాకు మైనం ఇస్తున్న మనిషి ఈసారి అందులో పారఫిన్, అంటే కొవ్వొత్తుల మైనం, కలిపి పంపాడు. అడిగితే, "అందరూ ఇదే వాడుతున్నారు" అన్నాడు. అందరి సంగతీ నాకెందుకు? పద్దెనిమిదేళ్ల నమ్మకానికి ఆయన చెప్పిన జవాబు అది. నాకు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. అసలు మైనం వేడెక్కితే తేనె వాసన వస్తుంది. ప్రతి దిమ్మా నేనే వాసన చూసి తీసుకునేవాణ్ని. మందుల వల్ల అప్పుడు నాకు వాసనే తెలియలేదు. అయినా సరేనన్నాను. ఆ తప్పు నాది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊరిది. ఇక్కడ మెట్టు నూలుపోగంత జరిగినా పిల్లలు పట్టేస్తారు. మా కొట్టు మేళం జారిందన్న మాట నేను ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు.

ఆయన దగ్గర ఇక కొనను. తేనె తీసేవాళ్ల దగ్గరే నేరుగా తేనెపట్టు తెచ్చి ఇంట్లో కరిగిస్తున్నాను.

కీమోతో వేళ్ల కొసలు మొద్దుబారాయి. తీగ మీద వేలుందో లేదో కళ్లతో చూస్తే గానీ తెలిసేది కాదు. రాత్రిళ్లు నిద్ర పట్టక, చిన్నప్పుడు నేర్చుకున్న మాయామాళవగౌళ రాగంలోని సరళీ వరుసలు, ఆ తొలి పాఠాలే, మళ్లీ మొదటి నుంచి వాయించాను. జబ్బు తగ్గించింది మందులే, అందులో సందేహం లేదు. కానీ పొద్దున లేచి ఆస్పత్రికి బయల్దేరే ధైర్యం నాకు ఆ వరుసలే ఇచ్చాయి. స్పర్శ ఇప్పటికి చాలావరకు వచ్చింది. అందుకే ఈ వీణలు నా చేత్తోనే కడతానంటున్నాను. వద్దని ఇంట్లో అందరూ అంటున్నారు. వినను.

సెలైన్ ఎక్కుతున్నంతసేపూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోన్లో చిట్టిబాబుగారి వీణ వినేవాణ్ని. ఒకరోజు పక్క మంచం మీది పెద్దావిడ, "ఆ వైర్లు తీసెయ్ బాబూ, మేమూ ఇంటాం" అంది. తీసేశాను. వార్డులో మాటలు ఆగిపోయాయి. ఆవిడ కూతురు ఒక్కతే గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఆ వార్డుకి వెళ్లి నేనే వీణ వాయించాలా వద్దా అన్నదే నెల రోజులు నన్ను తినేసింది. అక్కడ వాయించడానికి శనివారమే వీలని ఆస్పత్రివాళ్లు చెప్పారు. మాకు బేరం ఎక్కువ ఉండేదీ శనివారమే. విశాఖలోని ఆ ఆస్పత్రికి వెళ్లి రావడానికి రోజంతా పోతుంది. ఒకసారి వెళ్తాననుకున్నాను, మర్నాడు అప్పుల లెక్క చూసి మానేద్దామనుకున్నాను. మూడుసార్లు ఫోన్ చేసి మూడుసార్లూ కుదరదని చెప్పాను. చివరికి ఆ పెద్దావిడ మాటే గెలిచింది. నాలుగు వారాలుగా వెళ్తున్నాను. సన్నగా వాయిస్తాను, ఎవరైనా వద్దంటే ఆపేస్తాను. శనివారం కొట్టు తీయమని దయచేసి అడగకండి. బదులుగా ఆదివారం పొద్దున ఏడింటికే తీస్తాను.

రోజుకు ఒక వీణ కన్నా ఎక్కువ కట్టలేను, కాబట్టి ముందు ఫోన్ చేసి రండి. పరీక్షలున్న పిల్లల వీణలు ముందు చూస్తాను. జారిన మెట్లను మీరు నొక్కి సరిచేయొద్దు. తెచ్చేటప్పుడు వీణను ఎండలో, కారు డిక్కీలో ఉంచకండి.