మేలు చేసే గింజను చేటలోనే పోగొట్టుకోకుండా చూడండి

రాష్ట్ర మహిళాభివృద్ధి, శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. రేషన్‌లో వచ్చే పోషకాలు కలిపిన బియ్యాన్ని చేటలో పోసి చెరిగేటప్పుడు, మా శ్రీకాకుళం పల్లెల్లో కొందరు తల్లులు రంగు తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమనుకొని ఏరి పారేస్తున్నారు. పోషణ కోసం ప్రత్యేకంగా కలిపింది ఆ గింజలనే.

బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 చేర్చి, యంత్రంలో గింజ ఆకారంలో ఒత్తి, ఆరబెట్టి, నూరు పాళ్ల మామూలు బియ్యానికి ఒక పాలు చొప్పున కలుపుతారు. ఇవి కడిగేటప్పుడు ఒక్కోసారి నీటిపై తేలుతాయి కనుక అనుమానం రావడం సహజం. తల్లులను తప్పుపట్టడం న్యాయం కాదు. ప్రభుత్వ పథకాల బియ్యమంతా 2024 నాటికి ఇలాగే ఇస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. బియ్యం వచ్చింది గానీ, ఆ గింజ ఏమిటో చెప్పే మాట ప్రతి ఇంటికీ రాలేదు.

బి12 చోడి (రాగి) అంబలిలో గానీ ఆకుకూరల్లో గానీ దొరకదు. పాలు, గుడ్లు, చేపలు కొనలేని ఇంట్లో పసిబిడ్డకు అది అందే దారులు చాలా తక్కువ. అది లోపిస్తే రక్తహీనత రావడమే కాక, నరాల ఎదుగుదల కూడా దెబ్బతింటుంది. అటువంటి ఇంట్లో ఈ గింజ చెత్తలో పడుతోందంటే నాకు చాలా బాధగా ఉంది.

అందుచేత నెలనెలా జరిగే గ్రామ ఆరోగ్య, పోషకాహార దినం నాడు అంగన్‌వాడీలో తల్లుల ఎదుటే ఆ గింజలను చూపించి, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టి వండించి, అందరూ కలిసి తినేలా ఆదేశాలివ్వండి. గంజితో పాటు విటమిన్లు కొంత పోతాయన్న సంగతీ అప్పుడే చెప్పవచ్చు. మందస, మెళియాపుట్టి వంటి గిరిజన ప్రాంతాల్లో, తలసీమియా, సికిల్‌సెల్ అనే వారసత్వ రక్త జబ్బులు ఉన్న పిల్లల విషయంలో, ఈ బియ్యంలో ఇనుము ఉంది కనుక, వైద్యుణ్ణి అడగాలని తప్పక చెప్పించండి.

బియ్యం ఒక్కటే చాలదు. విటమిన్ ఎ, డి సాధారణంగా నూనెలో, పాలలో కలుపుతారు కనుక, అంగన్‌వాడీలకు కొనే ప్రతి నూనె, పాల ప్యాకెట్ మీదా, పోషకాలు కలిపినట్టు తెలిపే నీలిరంగు ‘+ఎఫ్’ గుర్తు ఉండాలని నిబంధన పెట్టండి. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ల వరకు ఆరు నెలలకోసారి వేసే విటమిన్ ఎ ద్రావణాన్ని మాత్రం ఈ పేరుతో ఆపవద్దు.

మొదటి ప్రదర్శన మా జిల్లాలోనే, వచ్చే నెలలోనే జరిపించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఆమదాలవలస